రేపల్లెకు ఆలస్యంగా వచ్చిన అల

శుక్రవారం సాయంత్రం నిమ్మకాయల యార్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న బాలస్వామి, తువ్వాలు భుజాన వేసుకుని కూతురి వెనక నిలబడ్డాడు. ల్యాప్‌టాప్ తెర మీద తొమ్మిది వరసల పట్టిక ఉంది. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. అంకెలు చదవగలడు, తేదీలు చదవగలడు.

"తేదీలేంటమ్మా, కిందామీదా ఉన్నాయి?"

"అవి భూకంపాల లోతు ప్రకారం పెట్టాను నాన్నా. పైన తక్కువ లోతువి, కింద బాగా లోతువి."

"లోతంటే మాకు సైజన్నమాట. మా యార్డులో కూడా సైజు వారీగా కలిపేస్తారు. కలిపేసినాక ఏ రోజు కాయో ఎట్టా తెలిసిద్ది? అందుకని నేను మొదట రోజు వారీగా చూసుకుంటా, తర్వాతే జల్లెడ."

స్నేహలత నవ్వి, నాన్న మాట కాదనలేక, తేదీల గడి మీద ఒక నొక్కు నొక్కింది. వరసలు కదిలి కొత్త క్రమంలో కూర్చున్నాయి. ఆమె నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది.

పక్కనున్న ఆలస్యాల అంకెలు: రెండు, అయిదు, తొమ్మిది. తర్వాత ఒకటి, నాలుగు, ఎనిమిది. మళ్ళీ ఒకటి, నాలుగు, ఎనిమిది. అన్నీ సెకనులో పదో వంతులు. మెట్లెక్కినట్టు పెరిగి, దబ్బున కిందికి దిగి, మళ్ళీ ఎక్కుతున్నాయి.

"ఏంటమ్మా, తప్పుందా?"

"లేదు నాన్నా," అంది. ఆ మాట అబద్ధమో కాదో ఆమెకే ఇంకా తెలియదు.

ఆ తొమ్మిది వరసల మీదే ఆమె మూడేళ్ళ చదువు నిలబడి ఉంది. మనం నిలబడిన ఈ నేల ఒక పెద్ద పలక. అది బంగాళాఖాతం అడుగునంతా పరుచుకుని, అండమాన్ దగ్గర వంగి, ఇంకో పలక కిందికి దిగిపోతుంది. దిగుతూ తన పైపొరను కూడా వెంట తీసుకుపోతుంది. ఆ పొర ఎంత లోతు దాకా పొరగానే ఉంటుందో, ఎక్కడ వేడికీ బరువుకూ రాయి రూపం మారిపోతుందో కళ్ళతో చూసే దారి లేదు. అక్కడ లోతున భూకంపం వస్తే ఆ అలలు పలక వెంబడే పైకి పాకి, సముద్రం కిందుగా మన దాకా వస్తాయి. గట్టి రాతిలో అల వేగంగా వస్తుంది, ఆ పైపొరలో నెమ్మదిగా వస్తుంది. ఎంత ఆలస్యమైందో కొలిస్తే వచ్చిన దారి ఎలాంటిదో చెప్పొచ్చు.

అందుకోసం మూడు చోట్ల గోతులు తవ్వి యంత్రాలు దించారు. తెనాలిలో ఒక కాలేజీ వెనక, బాపట్లలో ఒక జీడిమామిడి తోటలో, రేపల్లెలో సుందరరామయ్య మాస్టారి పెరట్లో. తెనాలికీ బాపట్లకూ అలలు లెక్క ప్రకారమే వచ్చాయి. రేపల్లెకు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. లోతు పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరిగినట్టే కనిపించింది. డెల్టా ఒండ్రు వల్ల ఎంత ఆలస్యమో లెక్కగట్టి తీసేసినా ఇంకా మిగిలింది. రేపల్లెకు వచ్చే అల దారిలో ఆ పొర చాలా లోతు దాకా మారకుండా ఉందని స్నేహలత రాసింది. ఆమె గైడు వినోద్ కుమార్ సార్ మూడు నెలలు అనుమానపడి, చివరికి నమ్మారు. సోమవారం పొద్దున రీసెర్చ్ కమిటీ ముందు ఆమె మాట్లాడాలి. వాళ్ళు ఒప్పుకుంటే థీసిస్ రాసుకోవచ్చు.

ఆమె సంచీలోంచి డైరీ తీసింది. రేపల్లె యంత్రానికి బ్యాటరీ చూడ్డానికి వెళ్ళిన రోజులు: జనవరి పద్దెనిమిది, మార్చి రెండు. పట్టికలో ఆలస్యం దబ్బున పడిపోయింది కూడా ఆ రెండు తేదీల దగ్గరే.

అండమాన్ కింద నూరు కిలోమీటర్ల లోతున ఉన్న రాతికి, తెనాలి నుంచి స్నేహలత అనే పిల్ల ఎప్పుడు రేపల్లె బయలుదేరుతుందో ఎలా తెలుస్తుంది?

వంటింట్లోంచి తల్లి అన్నమ్మ కేకేసింది. "అమ్మాయ్, ఎల్లుండి మనింట్లో ప్రార్థన కూడికకి పాస్టరు అయ్యగారు వస్తామన్నారు. నలభై మందికి పులిహోర సరిపోద్దా? మీ నాన్న చర్చిలో అందరికీ చెప్పేశాడు, మా అమ్మాయి భూమి లోపల కొత్త సంగతి కనిపెట్టిందని."

"చెబితే ఏం? కనిపెట్టలా?" అన్నాడు బాలస్వామి.

స్నేహలత రేపు పొద్దున్నే రేపల్లె వెళ్ళాలనుకుంది. రేపల్లెకు వెళ్ళే ప్రతిసారీ ముందురోజే ఫోన్ చేసి చెప్పడం ఆమెకు అలవాటు. పెద్దవాళ్ళ ఇంటికి చెప్పకుండా వెళ్ళకూడదని అన్నమ్మ నేర్పింది. ఈసారీ ఫోన్ చేతిలోకి తీసుకుంది. మాస్టారి నంబరు దాకా వెళ్ళి, ఎందుకో నొక్కలేక, పక్కన పెట్టేసింది.

* * *

శనివారం పొద్దున రేపల్లె ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, అయ్యుండగల కారణాలన్నీ మనసులో వరసగా పెట్టుకుంది. ఎలుక తీగ కొరికి ఉండొచ్చు. గడియారం చిప్పు పాడై ఉండొచ్చు. తొమ్మిదే భూకంపాలు కదా, కాకతాళీయం కూడా కావచ్చు. వేమూరు దాటేదాకా ఆ ఆఖరిదాన్నే పట్టుకుని కూర్చుంది. భట్టిప్రోలు దగ్గర అదీ జారిపోయింది. ఒకసారి అయితే కాకతాళీయం, రెండుసార్లూ తాను వెళ్ళిన రోజునే?

యంత్రంలో గడియారం సొంతంగా అంత కచ్చితంగా నడవదు. మాస్టారి మేడ మీద, యంత్రానికి కలిపిన ఒక తెల్లటి డిప్ప ఉంటుంది, ఇడ్లీ అంత. అది ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి సరైన సమయం అందుకుని గడియారాన్ని దిద్దుతూ ఉంటుంది. దిద్దడం ఆగిపోతే గడియారం రోజుకు సెకనులో యాభయ్యో వంతు ముందుకు పరిగెత్తుతుంది. గడియారం ముందుకు పరిగెత్తితే అల వెనకబడి వచ్చినట్టు రాసుకుంటుంది. కానీ తాను వెళ్ళిన ప్రతిసారీ యంత్రం పెట్టె మీద, సమయం అందుతోందని చెప్పే పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. కళ్ళారా చూసింది.

మాస్టారి ఇంటి గేటు తీసిన చప్పుడుకి ఆయన భార్య కనకలక్ష్మి చీపురుతో బయటికి వచ్చింది. అరవై దాటిన మనిషి. స్నేహలతను చూసి చీపురు వెనక్కి దాచుకుంది.

"అయ్యో, చెప్పకుండా వచ్చావేంటమ్మాయ్! ఇల్లు చూడు ఎట్టా ఉందో!"

వసారాలో పేపరు చదువుతున్న సుందరరామయ్య మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "రామ్మా, రా. నువ్వొస్తున్నావని తెలిస్తే మీ పిన్ని ముందురోజే డాబాతో సహా కడిగేస్తుంది. ఇవాళ దొరికిపోయింది. అది సరేగానీ, ఆవిడ రోకలి పోటు కూడా మీ మిషను రాసుకుంటుందా?"

"రాసుకుంటుందండి."

"అయితే రిక్టరు స్కేలు మీద మా ఆవిడ ఎంతో ఎప్పుడన్నా చెప్పు."

"మీ గురకెంతో కూడా చెప్పమనండి," అంది కనకలక్ష్మి.

స్నేహలతకు నవ్వు రాలేదు. "పిన్నిగారూ, ఒకసారి పైకి వెళ్ళొస్తాను."

"ఉండుండు. నేను ముందెళ్ళి సర్దొస్తా. పైన అంతా వడియాలే."

"పర్లేదండి. నేనే వెళ్తాను," అంటూనే మెట్లెక్కింది. వెనకాలే కనకలక్ష్మి గాజుల చప్పుడు.

డాబా మీద పాత పంచె పరిచి, దాని నిండా గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాయి. తూర్పు మూలన పిట్టగోడ మీద, తెల్ల డిప్ప ఉండాల్సిన చోట ఒక సత్తు బేసిన్ బోర్లించి ఉంది. గాలికి ఎగరకుండా దాని మీద ఒక ఇటుక.

స్నేహలత దాని దగ్గరికి వెళ్ళలేకపోయింది. వెళితే ఇక అది నిజమైపోతుందన్నట్టు నిలబడింది.

"ఇది... ఎప్పటినుంచండి?"

"డిసెంబరులో తుఫాను వచ్చింది చూడు, అప్పటినుంచి. ఆ వానకి తడిసి పాడైపోద్దేమోనని రెండు రాత్రుళ్ళు నాకు నిద్ర లేదనుకో. తర్వాత తీసేద్దామనుకున్నా. కానీ కాకులు ముక్కులతో పొడుస్తున్నాయి. ఎండకి పచ్చబడిపోతా ఉంది. అందుకని అట్టానే ఉంచేశా."

"మరి నేను వచ్చినప్పుడు..."

"నువ్వొచ్చే ముందురోజు తీసేసి, తడిగుడ్డతో తుడిచి పెడతాగా!" కనకలక్ష్మి మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది. "ఒక్క మరకన్నా చూశావా ఎప్పుడన్నా? నువ్వెళ్ళిన సాయంత్రం మళ్ళీ బోర్లిస్తా. ఒకళ్ళ వస్తువు మనింట్లో ఉన్నప్పుడు ఆ మాత్రం చూసుకోవద్దూ?"

స్నేహలత పిట్టగోడ పట్టుకుంది. "పిన్నిగారూ, అది ఎప్పుడూ ఆకాశాన్ని చూస్తూ ఉండాలండి. గిన్నె కప్పితే దానికి టైము తెలియదు."

"భూకంపాల మిషను గదమ్మా? భూమికేసి చూడాలి గానీ, ఆకాశంతో దానికి పనేంటి?"

ఆ ప్రశ్న స్నేహలతకు సరైనదిగానే తోచింది. యంత్రం దించిన రోజు తాను ఏం చెప్పిందో మాటమాటా గుర్తుంది. 'మా ప్రాణమంతా దీని మీదే ఉంది పిన్నిగారూ, జాగ్రత్తగా చూసుకోండి.' అంతే చెప్పింది. ఆకాశం సంగతి చెప్పలేదు. పెద్దావిడకు అవన్నీ ఎందుకులే అనుకుంది. ఆవిడేమో చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఇటుక దించి బేసిన్ ఎత్తింది. కింద డిప్ప తళతళలాడుతోంది, నిన్నే కొన్నట్టు.

పెరట్లో గొయ్యి మీద మూత తీసి, పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దీపం ఎర్రగా ఉంది. పది నిమిషాలు ఎర్రగానే ఉంది. పన్నెండో నిమిషంలో పచ్చబడింది. ల్యాప్‌టాప్ తెర మీద ఒక చిన్న వాక్యం వచ్చింది: గడియారం సెకనులో తొమ్మిది పదో వంతులు వెనక్కి దిద్దబడింది.

అలల రికార్డులు సెల్ నెట్‌వర్క్ మీద ఎప్పటికప్పుడు తెనాలికి వచ్చేస్తాయి. గడియారం ఏ రోజు దిద్దుకుంది, ఏ రోజు దిద్దుకోలేదు అని చెప్పే స్టేటస్ ఫైలు మాత్రం ఈ పెట్టెలోనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా దాన్ని తీసుకెళ్ళి, తెరిచి చూసి, ఫారంలో రాయాలి. స్నేహలత తీసుకెళ్ళింది గానీ తెరవలేదు. పచ్చ దీపం చూసి 'సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టింది. రెండుసార్లూ అంతే. ఇప్పుడు తెరిచింది. డిసెంబరు నాలుగు నుంచి దిద్దుబాటు లేదు. జనవరి పదిహేడు సాయంత్రం వచ్చింది, అంటే తాను ఫోన్ చేసిన సాయంత్రం. పద్దెనిమిది సాయంత్రం మళ్ళీ పోయింది. మార్చి ఒకటి సాయంత్రం వచ్చింది. రెండున పోయింది.

అక్కడే కూర్చుని తొమ్మిది ఆలస్యాల్లోంచీ గడియారం పరుగు తీసేసింది. మిగిలినవన్నీ సున్నా చుట్టూ చేరాయి. అండమాన్ కింద చాలా లోతు దాకా తాను చూశాననుకున్న పొర ఈ పెరట్లో అయిదు నిమిషాల్లో మాయమైపోయింది.

మజ్జిగ గ్లాసుతో వచ్చిన కనకలక్ష్మి ఆమె మొహం చూసి గ్లాసు అందించడం మరిచిపోయింది. "నావల్లేనా అమ్మాయ్?"

"కాదండి. నేను చెప్పాల్సింది. నేను చూసుకోవాల్సింది."

"సోమవారం నీకేదో పెద్ద మీటింగు ఉందన్నావు."

"ఉందండి."

కనకలక్ష్మి గొంతు తగ్గించింది. "ఇప్పుడు తీసేశాం గదా. ఇంకెవరికి తెలిసిద్ది? నేనైతే ఎవరికీ చెప్పన్లే. మీ మాస్టారికి కూడా చెప్పను, ఒట్టు."

ఆవిడ ఎంత ప్రేమగా అందో, స్నేహలతకు అంత భయం వేసింది. ఎందుకంటే అది నిజం. పట్టికను లోతు ప్రకారమే ఉంచితే ఎవరికీ తెలియదు. కమిటీలో ఎవరూ తేదీలు అడగరు. సార్ కూడా అడగలేదు.

మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బాపట్ల బస్సెక్కింది.

* * *

చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సు. చోటు దొరికింది. ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచీ, సంచీ మీద కనకలక్ష్మి బలవంతంగా పెట్టిన వడియాల పొట్లం. దారి పొడుగునా ఆమె ఒకే మాట రకరకాలుగా కట్టి చూసుకుంది. 'సార్, చిన్న పొరపాటు జరిగింది.' చిన్నదా? 'సార్, అక్కడ ఒకావిడ...' అలా మొదలుపెడితే తప్పు ఆవిడ మీదికి పోతుంది. సార్ ఫెలోషిప్ పొడిగింపు కోసం తన తరఫున ఎన్ని ఉత్తరాలు రాశారో గుర్తొచ్చింది. నలభై మందికి పులిహోర గుర్తొచ్చింది. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివిన పిల్ల అని, పెళ్ళిళ్ళలో నాన్న తనను ముందు వరసలో కూర్చోబెట్టడం గుర్తొచ్చింది. సోమవారం దాటితే చెప్పొచ్చేమో, థీసిస్ రాసేటప్పుడు మెల్లిగా దిద్దుకోవచ్చేమో అని కూడా అనుకుంది. అనుకుని, ఆ ఆలోచన ఎంత దూరం వెళుతుందో చూస్తూ కూర్చుంది. ఎంత వెళ్ళినా చివర తొమ్మిది తేదీలే నిలబడి ఉన్నాయి.

వినోద్ కుమార్ సార్ సొంతూరు బాపట్ల. అక్కడి యంత్రాన్ని ఆయనే చూసుకుంటారు. సూర్యలంక రోడ్డు పక్కన జీడిమామిడి తోటలో, ఇసకలో కూర్చుని పాత బ్యాటరీ విప్పుతున్నారు.

"నువ్వేంటి ఇక్కడ? స్లైడ్లు అయిపోయాయా?"

నిలబడే మొత్తం చెప్పేసింది. బస్సులో కట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. తేదీలు, బేసిన్, పచ్చ దీపం, తెరవని ఫైలు, ఫారం మీద సంతకం. కనకలక్ష్మి పేరు వచ్చినప్పుడు, "ఆవిడ తప్పు లేదండి, నేను చెప్పలేదు," అని రెండుసార్లు అంది.

ఆయన స్పానరు ఇసకలో పెట్టారు.

"ఐదు నెలలు. స్టేటస్ ఫైలు తెరవలేదా నువ్వు?"

"లేదండి."

"ఒక్కసారి కూడా?"

"లేదండి."

"ఎమ్మెస్సీ పిల్లలు కూడా చేయరు ఇలాంటిది!" గొంతు పెరిగింది. ఒక కాకి కొమ్మ మీంచి లేచిపోయింది. ఆయనే తగ్గారు. "ఆ ఫారాల మీద కింద నా సంతకం కూడా ఉంది. నేనూ అడగలేదు. రేపల్లె కొత్త సంగతి చెబుతుంటే వినడానికి బాగుంది, అడగబుద్ధి కాలేదు." స్నేహలత వైపు తిరిగి, "తేదీల ప్రకారం పెట్టి చూడాలని ఎలా తోచింది?"

"నాకు తోచలేదండి. మా నాన్నకు తోచింది. నిమ్మకాయల యార్డులో కాయలు వేరు చేస్తారు."

ఆయన చేతులకంటిన ఇసక దులుపుకున్నారు.

"సోమవారం మీటింగు వాయిదా వేయమని అడగండి సార్," అంది స్నేహలత.

"అడగను. సోమవారం నువ్వే నిలబడి, ఇప్పుడు నాకు చెప్పింది చెప్పినట్టు వాళ్ళకు చెప్పు. ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. ఆర్నెల్లు పోవచ్చు, ఏడాది పోవచ్చు." ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. "ఏడవకు. ఒకటి చెప్పు. ఆ తొమ్మిది రికార్డుల్లో గడియారంతో పనిలేనిది ఏమన్నా ఉందా?"

ఆమె ఇసకకేసి చూస్తూ ఆలోచించింది. దిగిపోయే పలక పైపొర సన్నగా ఉంటుంది. పెద్ద పెద్ద నిదానపు ఊపులకు ఆ సన్నపొర ఆనదు, అవి కింది గట్టి రాతిలో ముందు వచ్చేస్తాయి. చిన్న చిన్న వేగపు ఊపులు ఆ పొరలో చిక్కుకుని, దాని నెమ్మదితో వెనకాల వస్తాయి. రెండూ ఒకే యంత్రం మీద, ఒకే గడియారం కింద పడతాయి. గడియారం తప్పైతే రెంటికీ ఒకే తప్పు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే తప్పు పోతుంది, తేడా మిగులుతుంది.

"ఊపుల మధ్య తేడా ఉందండి. పెద్దవి ముందు, చిన్నవి వెనక."

"చూశావా?"

"లేదండి. ఆలస్యం దొరికినాక ఇంకేమీ చూడలేదు."

"అయితే వెళ్ళి చూడు. ఉంటుందని నేను అనడం లేదు," అని ఆయన మళ్ళీ స్పానరు తీసుకున్నారు.

* * *

తెనాలి చేరేసరికి సాయంత్రమైంది. అన్నమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. స్నేహలత చెప్పులు విడవకుండానే, "అమ్మా, నేను కనిపెట్టింది తప్పంట," అంది. "తప్పంట కాదు. తప్పే."

అన్నమ్మ చేట ఆపింది. "మరి కూడిక?"

"ఉండనీ," అన్నాడు లోపలినుంచి బాలస్వామి. "ప్రార్థన చేయించుకోవడానికి కనిపెట్టి ఉండాలా ఏంటి? ఇప్పుడే కావాల్సింది." బయటికి వచ్చి కూతురి మొహం చూసి, గొంతు తగ్గించాడు. "ఆ తేదీల వల్లేనా తల్లీ? నేను అనకుండా ఉండాల్సింది."

"అనకపోతే నేను సోమవారం అబద్ధం చెప్పేదాన్ని నాన్నా. తెలియకుండానే."

ఆమె గోడవారగా కూర్చుని తొమ్మిది రికార్డులూ తెరిచింది. ఒక్కోదాంట్లో పెద్ద ఊపులు వేరు చేసింది, చిన్న ఊపులు వేరు చేసింది, రెండూ మొదలైన చోట్లు కొలిచింది. నాలుగింట్లో ఏమీ తేలలేదు, అంతా గజిబిజి. ఐదింట్లో చిన్న ఊపులు వెనకబడి ఉన్నాయి. సెకనులో రెండు పదో వంతులు, మూడు పదో వంతులు. మూడు ఊళ్ళలోనూ.

సంతోషం తన్నుకొచ్చింది. ఆ సంతోషాన్నే ఆమె ఇప్పుడు నమ్మలేకపోయింది. లోతుల గడి జోలికి పోలేదు. ముందు తేదీల ప్రకారం పెట్టింది. రెండు, మూడు, రెండు, మూడు, రెండు. మెట్లు లేవు. తాను రేపల్లె వెళ్ళిన రోజులతో ఆ అంకెలకు సంబంధం లేదు. ఇంకా ఏ ప్రకారం పెట్టి చూడాలో, ఇంకేం తెరవలేదో తెలియక, ఒక తెల్లకాగితం తీసి చూడాల్సినవన్నీ రాయడం మొదలుపెట్టింది. మొదటి వరసలో స్టేటస్ ఫైలు అని రాసింది. కాగితం సగం నిండేసరికి ఫోన్ మోగింది. రేపల్లె నుంచి.

"అమ్మాయ్, ఇక్కడ మబ్బు పట్టేసింది," కనకలక్ష్మి గొంతులో ఆయాసం. డాబా మీంచే చేస్తున్నట్టుంది. "వడియాలు తీసేశా. ఉరుములు కూడా మొదలైనాయి. ఏం చెయ్యమంటావు, కప్పనా?"

"వద్దు పిన్నిగారూ. తడవనివ్వండి."

"పాడైపోద్దేమోనమ్మా."

"పాడవదండి. దాన్ని వానలో ఉండేటట్టే చేశారు."

అటువైపు గాలి చప్పుడు వినిపించింది. సత్తు బేసిన్ గచ్చు మీద దొర్లిన చప్పుడు కూడా.

"చూస్తా ఊరుకోమంటావు," అంది కనకలక్ష్మి.

"ఊరుకోండి," అంది స్నేహలత. మొదటి చినుకులు ఆ డిప్ప మీద పడ్డ చప్పుడు వినిపించేదాకా ఫోన్ పెట్టలేదు.